రేడియేటర్‌కి అంబలి

ఈ రోజు హుకుంపేట దాటాక ఎత్తు రోడ్డు మీద మా కారు ఇంజన్ వేడెక్కి, పొగలు కక్కుతూ ఆగిపోయింది. చల్లారాక మూత తీశాం గానీ పోయడానికి చుక్క నీళ్లు లేవు. అంతలో చేనుకి వెళ్తున్న ఒకావిడ చేతిలో ఎండు ఆనపకాయని తొలిచి చేసిన బుర్ర కనిపించింది. నీళ్లే అనుకున్నాం.

"కొంచెం ఇస్తావా అమ్మా?" అన్నాడు మా ఆయన. దాహమేమో అనుకుని ఆవిడ ఇచ్చింది. ఈయన అందుకోవడమే తడవుగా రేడియేటర్‌లో ఒంపేశాడు.

ఆవిడ కెవ్వుమంది. "ఏటి బాబూ సేత్తన్నావు! అది అంబలి! సేను కాడ మావోళ్లంతా దానికోసమే సూత్తన్నారు!"

రేడియేటర్ మూతి దగ్గర రాగి గంజి బుడగలుగా పొంగుతోంది. మా పులిహోర డబ్బా తీసి ఆవిడకిచ్చాను.

డబ్బా పట్టుకుని ఆవిడ అడిగింది: "మరి మీరేటి తింటారమ్మా?"

సాయంత్రం రేడియేటర్ విప్పిన మెకానిక్ "ఇందులో ఏటి పోసినారండీ?" అన్నాడు.