అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్‌లో పచ్చడి సీసా

పచ్చడి సీసా లేకుండా మా అత్తయ్య ఇల్లు కదలరు. ఈరోజు శాన్ రామన్ దగ్గర అజోర్స్ దీవుల వంటలు దొరికే పోర్చుగీస్ రెస్టారెంట్‌కి లంచ్‌కి వెళ్లాం. చేప రాగానే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పండుమిరప పచ్చడి తీసి దాని మీద వేసుకున్నారు. బయటి తిండి తేవద్దని తలుపు మీదే రాసుంది. అంతలో ఓనరమ్మ రానే వచ్చింది. నేను గబుక్కున సీసా దాచబోయాను.

ఆవిడ మా సీసా వాసన చూసి, లోపలికెళ్లి, తన సీసా ఒకటి తెచ్చింది. ఉప్పేసి నూరిన పండుమిరపకాయలే! "మా దీవిలో ఇది లేకుండా చేప ముట్టం" అంది ఇంగ్లీషులో, నవ్వుతూ.

హమ్మయ్య!

అత్తయ్య రుచి చూసి నా చెవిలో, "పాపం, చింతపండు మరిచిపోయినట్టుంది. కాస్త చెప్పమ్మా" అన్నారు.

ఇప్పుడే గండం గడిచింది, నేను చెప్పను. మీలో ఎవరైనా వెళ్లి చెప్తారా?