ఏమీ మార్చలేదన్నాను

ఆంగ్ మో కియోలోని మా ఫ్యాక్టరీలో నా ఉద్యోగం తప్పులు పట్టడం. మెషిన్ల మీద తయారైన చిన్న చిన్న లోహపు భాగాలు నా బల్ల మీదికి వస్తాయి. కొలుస్తాను. వెంట్రుక మందంలో పదో వంతు తేడా ఉన్నా సరే, ఎర్ర ఫారం రాసి వెనక్కి పంపేస్తాను. ఆ ఫారంలో చివరి గడి 'కారణం'. ఆ గడిలో ఇన్నేళ్లుగా ఎంతమంది పేర్లు రాశానో నాకే గుర్తులేదు. కింద పనిచేసేవాళ్లకు నేనంటే పడదు. పడకపోతే పోనీ, కొలత కొలతే.

ఇలాంటి దాని చేతికి ఎయిర్ రైఫిల్ దొరికితే ఊరుకుంటుందా? నలభై నిండాక ఒక సెలవు రోజు ఆఫీసు వాళ్లతో సరదాగా షూటింగ్ క్లబ్బుకు వెళ్లాను. పది మీటర్ల దూరంలో కాగితం, దాని నడుమ ఆవగింజ కంటే చిన్న చుక్క. ఆ చుక్కకు తగిలితే పది పాయింట్లు. నా మొదటి పెల్లెట్, అంటే ఆ చిన్న సీసపు గుండు, కాగితం అంచుకు కూడా తగల్లేదు. ఒళ్లు మండిపోయింది. ఆ మరుసటి వారమే సభ్యత్వం తీసుకున్నాను.

ఎనిమిదేళ్లయింది. కిందటేడు క్లబ్బు జట్టులో చోటు ఒక్క పాయింటుతో చేజారింది. ఈ ఏడు నాలుగు చోట్లలో మూడు ముందే నిండిపోయాయి. మిగిలిన ఒక్కదానికి ఆదివారం ట్రయల్. నాకు నలభై ఎనిమిది, కళ్లజోడు నంబరు ఏటా పెరుగుతోంది. ఇప్పుడు కాకపోతే ఇక లేదని నాకు తెలుసు. ఆ చోటు నాకు ఎంత కావాలో చెప్పడానికి సిగ్గుపడను. చిన్నపిల్ల బొమ్మ కోసం నేల మీద పడి దొర్లినట్టు కావాలి.

సరిగ్గా అప్పుడే రైఫిల్ మొరాయించింది.

తొమ్మిది పెల్లెట్లు ఒకే కన్నంలో దూరినట్టు పడేవి. పదోది మాత్రం ఎవరో పిలిచినట్టు ఎడమ పక్కకు, కిందికి వెళ్లిపోయేది. ఇంకోసారి నాలుగోదే వెళ్లేది. దానికో వరస లేదు, పద్ధతి లేదు. పెల్లెట్ల డబ్బా మార్చి చూశాను. గాలి సిలిండర్ మార్చాను. గురి చూసే కన్నం తుడిచాను. చెంప ఆనించే దిమ్మను పైకీ కిందికీ జరిపి, మళ్లీ మొదట ఉన్నచోటే పెట్టాను. ఏం చేసినా ఆ ఒక్క దొంగ పెల్లెట్ ఎటో పోతూనే ఉంది.

మా క్లబ్బులో తుపాకుల బాగోగులు చూసేది డెబ్బై ఏళ్ల చైనీస్ అంకుల్. ఒకప్పుడు లేత్ మీద పనిచేసిన మనిషి. రైఫిల్ ఎవరిదైనా ఇంటికి తీసుకెళ్లడానికి లేదు. ఆయన దగ్గరున్న ఇనుప గదిలోనే తాళం పడాలి. ఒక్కో రైఫిల్‌కు ఒక్కో అట్ట కార్డు ఉంటుంది. లోపం, కారణం, మరమ్మతు అన్నీ అందులో రాయాలి. ఆయన మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న, ఆ బుధవారం నేను వెళ్లినప్పుడూ అదే అడిగారు.

"బాగున్నప్పటి నుంచీ ఇప్పటికి ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు అంకుల్. మూడు వారాల క్రితం విప్పి శుభ్రం చేసి, మళ్లీ కొలత ప్రకారం బిగించాను. అంతే."

బిగించింది నేను కాబట్టి దాన్ని మళ్లీ విప్పి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆయన బారెల్‌ని నేరుగా ఇనుప బిగింపులో పట్టించి పది పెల్లెట్లు కాల్చారు. పదీ ఒకే కన్నం! ఆ కాగితం నా చేతిలో పెట్టి, "గన్ ఓకే లా. యూ నాట్ ఓకే" అన్నారు.

నేనా! ఆ రాత్రి యీషున్‌లో మా ఫ్లాట్‌కు చేరేదాకా రైల్లో ఆ కాగితాన్ని మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాను. శుక్రవారం మళ్లీ కాల్చాను, మళ్లీ అదే తంతు. అయితే చెయ్యి వణుకుతోందా? కళ్లు పోతున్నాయా? మొదటిసారి నిజంగా భయం వేసింది.

శనివారం పొద్దున మా అమ్మాయి లాప్‌టాప్‌ని బల్ల మీద బోర్లించి దులుపుతోంది. పాలిటెక్నిక్‌లో చదువుతోంది, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది.

"ఏమైందే?"

"అమ్మా, స్పేస్ బార్ జామ్ అయింది. యూ అండ్ యువర్ బొట్టు, లా!"

మూడు వారాల క్రితం ఆయుధపూజ రోజున దాని మీద నేనే పెట్టాను, తడిపిన పసుపు ముద్ద మీద కుంకుమ. ఎండిపోయి, పెచ్చులు లేచి, పొడై, మీటల కిందికి జారిపోయింది. మా తాత ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడి ఓడల షెడ్డులో పనిచేసినప్పటి నుంచీ మా ఇంట్లో పనిముట్టు ఏదీ ఆ రోజు బొట్టు లేకుండా ఉండదు. స్పానర్లకు, కుట్టుమిషనుకు, రైస్ కుక్కర్‌కు, అన్నిటికీ...

చేతిలో కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. అన్నిటికీ!

రైఫిల్‌ను ఇంటికి తేవడానికి లేదు కదా. పూజ లేకుండా దాన్ని ఒక్కదాన్నే వదిలేయడానికి మనసు ఒప్పలేదు. పసుపూ కుంకుమా చిన్న పొట్లం కట్టి, మకాన్ డబ్బా, అదే అన్నం డబ్బా, పక్కన పెట్టుకుని క్లబ్బుకు తీసుకెళ్లాను. శుభ్రం చేయడానికి విప్పినప్పుడు, ఎవరికీ కనిపించకుండా లోపల ఉంగరపు వేలితో ఒక్క బొట్టు పెట్టాను. పైన పెడితే అంకుల్ కసురుతారని లోపల పెట్టాను. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని, మూసి బిగించేశాను. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. అంకుల్ అడిగినప్పుడు నేను అబద్ధమాడలేదు. బొట్టు పెట్టడాన్ని మార్చడం అని ఎవరనుకుంటారు?

కాఫీ సగంలో వదిలేసి పరిగెత్తాను. రైలు ఇంత నెమ్మదిగా నడుస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. క్లబ్బు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాను.

"అంకుల్, స్టాక్ విప్పాలి."

స్టాక్ అంటే భుజానికి ఆనించుకునే చెక్క. బారెల్, దాని వెనకున్న లోహపు భాగం రెండూ ఆ చెక్కలోని గాడిలో రెండు బోల్టులతో గట్టిగా కూర్చోవాలి. రెండు బోల్టులూ వదులు చేసి లోహపు భాగాన్ని పైకి ఎత్తాను. గాడి నిండా ఎర్రటి పొడి. నేను బొట్టు పెట్టిన చోట ఇంత మరక మాత్రమే మిగిలింది. ఎండిన పెచ్చులు లోహం ఆనే చోటికి జారి చేరాయి. వాటి మీద కూర్చున్న లోహం పెల్లెట్ కాల్చినప్పుడు ఎప్పుడో ఒకసారి ఇసుమంత కదులుతోంది. బారెల్‌ని పట్టించి కాల్చినప్పుడు అది తేలలేదు, ఎందుకంటే అక్కడ చెక్కతో పనే లేదు.

నాకు నవ్వాగలేదు. ఏడుపూ ఆగలేదు. అంకుల్ పొడిని వేలితో తీసి వాసన చూశారు. ఇదేమిటని అడిగారు. దాచకుండా అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. లేచి వెళ్లి తన పనిముట్ల బీరువా తలుపు తీసి చూపించారు. లోపలివైపు శుభాక్షరాలు రాసిన ఎర్ర కాగితం ఒకటి అంటించి ఉంది, ఏటా చైనీస్ కొత్త సంవత్సరానికి మారుస్తారట.

"నేనూ పెడతాను" అన్నారు. "కానీ బీరువాకు పెడతాను. నువ్వు గన్ కడుపులో పెట్టావు."

గాడిని మెత్తటి గుడ్డతో మూడుసార్లు తుడిచాను. బోల్టులు బిగించాను. పది పెల్లెట్లు కాల్చాను. దొంగ పెల్లెట్ రాలేదు. ఇంకో పది. రాలేదు! అరిచాననుకుంటాను, పక్క వరసలో ఒకాయన తుపాకీ దించి నన్ను చూశారు. కార్డు నేను రాస్తానన్నాను. ట్రయల్ అయ్యేదాకా కార్డు మూయనన్నారు అంకుల్.

ఆదివారం అరవై పెల్లెట్లు. యాభై దాటాక స్కోరు చూడొద్దనుకున్నాను, చూశాను. నేనూ, ఆ చోటుకే పోటీపడుతున్న ఇంకొకామె యాభై తొమ్మిది పెల్లెట్లయ్యేసరికి సమానంగా ఉన్నాం. చివరి పెల్లెట్‌కు గుండె చప్పుడు రైఫిల్ చెక్కలోంచి చెంపకు వినిపించింది. రెండుసార్లు గురి దించేశాను. మూడోసారి ట్రిగ్గర్ నొక్కాను. స్కోరు చూపించే తెర మీద నా పెల్లెట్ తగిలిన చుక్క సరిగ్గా నడుమ వెలిగింది. ఆమెకు తొమ్మిది వచ్చింది. చోటు నాది!

అంకుల్ కార్డు తెచ్చి పెన్ను చేతికిచ్చారు. లోపం గడిలో, మరమ్మతు గడిలో ఇంగ్లీషులో చకచకా రాసేశాను. కారణం గడి దగ్గర చెయ్యి ఆగింది. ఇన్నేళ్లలో ఆ గడిలో ఎప్పుడూ రాయని మాట ఒకటి తెలుగులో రాశాను. నేను.

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ అక్షరాలను చూశారు. "దిస్ వన్ సే వాట్?" అన్నారు.

"మీరు బుధవారం చెప్పిందే అంకుల్" అన్నాను.