అడవికోడి పొదిగిన ఈస్టరు

మా ఊళ్లో మైకుసెట్టు నాదే. బొబ్బిలికి ఇవతల, కొండ కింద పల్లె మాది. పెళ్లయినా, ఎన్నికలైనా, చర్చిలో పండగైనా సౌండు బాక్సులు మోసుకెళ్లేది నేనే. అన్నిటికన్నా ఈస్టరంటే నాకు హుషారు. ఆరోజు చీకటితోనే సంఘమంతా కొండమీది చదునుకు ఎక్కుతుంది. పొద్దు పొడిచే వేళ ఆరాధన. నా బాక్సుల్లోంచి పాట చుట్టుపక్కల ఊళ్లకు పాకుతుంటే గాల్లో తేలిపోయేవాణ్ని.

మొన్నామధ్య పండగకు వారం ముందు, తుప్పలు కొట్టి చదును బాగుచేద్దామని నేనూ బావా కొండెక్కాం. బావంటే మా అప్ప మొగుడు; అక్కను మేం అప్పంటాం. ఆయన ఒక తుప్ప మీద కత్తి వేశాడో లేదో, దాని కిందనుంచి టపటపమని రెక్కల చప్పుడు! గోధుమరంగు కోడి ఒకటి మా కాళ్ల పక్కనుంచి దూసుకుపోయి, వాలు మీదుగా ఎగిరి చెట్లలో కలిసిపోయింది. నా చేతిలోని వైరుచుట్ట జారి కింద పడింది.

“బావా, అడవికోడి!”

“ఊరుకోరా. ఊరికోడేదో దారి తప్పింటాది.”

“ఊరికోడి అలగ ఎగురుతాదేటి?”

నా చిన్నప్పుడు ఈ కొండ మీద అడవికోళ్లు గుంపులుగా ఉండేవి. ఉచ్చులు వేసి పట్టారు, వేసవిలో మంటలు పెట్టి పొదలు తగలేశారు. ఏళ్ల తరబడి ఒక్క కూతైనా వినలేదు. ఇక లేవనే అనుకున్నాను. ఇప్పుడు వంగి చూస్తే, ఎండాకుల మధ్య గుంటలో గుడ్లు!

మా బీటు చూసే ఫారెస్టు గార్డుకు అక్కడినుంచే ఫోన్ చేశాను. “ముట్టుకోకండి. ముందు అక్కడ్నించి వచ్చేయండి. భయపడితే గుడ్లు వదిలేస్తాది. పిల్లలయ్యేదాకా ఎవర్నీ ఎక్కనీకండి” అన్నాడు.

దిగడం కాదు, దొర్లినట్టే వచ్చాం. పాస్టరు గారి వరండాలో సంఘ పెద్ద కూర్చుని ఉన్నాడు. మా అప్ప కూడా అక్కడే బియ్యం ఏరుతోంది. ఆయాసపడుతూ విషయం చెప్పాను.

పెద్దాయన ముఖం చిట్లించాడు. “కోడి కోసం కొండెక్కడం మానేస్తామేటి? మా తాతల కాడినుంచీ అక్కడే కదేటి!”

“ఆ గుడ్లు తెచ్చీండి. నా పెట్ట పొదుగు మీదే ఉన్నాది, దాని కింద ఎట్టేస్తాను” అంది అప్ప.

“పిల్లలైతే నీ పెట్ట ఎనకాలే ఊళ్లో తిరుగుతాయి అప్పా! కొండకేటి మిగుల్తాది?”

పాస్టరు గారు నావైపు చూశారు. “మరి నీ మైకు?”

“మైకు కట్టను అయ్యగారూ. ఈసారి కొండ కింద కళ్లంలో సేసుకుందాం. నోటితోనే పాడుకుందాం.”

అందరూ నోరెళ్లబెట్టారు. సంఘ పెద్ద పకపకా నవ్వేశాడు. “ఒరే, నీ నోటంట ఈ మాట ఇంటాననుకోలేదురా! సరే, అలగే కానీ.”

అయినా నాకు నిలకడ లేదు. మర్నాడు పొద్దున బావతో కలిసి, గూటికి దూరంగా ఎదురు బండ మీద పడుకుని చూశాను. తుప్ప కింద గోధుమరంగు వీపు కదిలింది. తిరిగొచ్చింది! బావ నా భుజాన్ని పట్టుకున్న పట్టుకు వేళ్ల అచ్చులు పడ్డాయి.

ఈస్టరు తెల్లవారుజామున కళ్లంలో కంజీరలతో, చప్పట్లతో పాట ఎత్తుకున్నాం. మధ్యలో కొండమీంచి ఒక కూత! ఊరిపుంజు కూతలాగే ఉంది గాని, చివర్లో తెగ్గొట్టినట్టు ఆగిపోయింది. పిల్లలు ముందు ఆగారు, తర్వాత పెద్దలు. వెలుగు రేకలు పడుతుండగా బండ అంచున ఎర్రటి మెడ మెరిసింది. తోక మొదట్లో తెల్లమచ్చ. అడవిపుంజే!

“సూడండర్రా, సూడండి!” సంఘ పెద్దే అందరికన్నా ముందు లేచి నిలబడ్డాడు. పాస్టరు గారు ప్రార్థన మరిచి చూస్తుండిపోయారు.

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటింటికీ తిరిగి, ఈ వేసవి కొండకు నిప్పు పెట్టొద్దని చెప్పాడు. కొందరు సణిగారు. అయినా మా వైపు కొండ తగలబడలేదు.

తర్వాత కొన్నాళ్లకు కొండ పక్క గెడ్డ వాగులో నీళ్లకోసం దిగుతుంటే బావ టక్కున ఆగి నా చొక్కా లాగాడు. ఎండుటాకుల మీద తల్లికోడి, దాని చుట్టూ పిల్లలు! లెక్కపెడదామంటే ఒక్కటీ కుదురుగా ఉండదు. మమ్మల్ని చూసి తల్లి ఏదో అనగానే అన్నీ ఆకుల్లో మాయం.

“మీ అప్పకు నానే సెప్తాను, నువ్వు సెప్పకు!” అంటూ బావ బిందె అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తాడు.