నాయనమ్మ చేతికి రిమోటు

రిమోటు ఎవరి చేతిలో ఉంటే ఇంట్లో మాట వాళ్లదిగా చెల్లిన కాలం అది. జగ్గయ్యపేటలో మా ఇంటికి సెట్‌టాప్ బాక్సు కొత్తగా వచ్చింది. బాక్సు హాల్లో ఉండేది, రిమోటు మా బాబాయి ఒళ్లో ఉండేది. నేను డిగ్రీ ముగించి నందిగామలో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో సహాయకుడిగా చేరాను. (ఇంట్లో 'మా ఇంజినీరు' అని చెప్పుకునేవారు. నేనూ దిద్దేవాణ్ణి కాదు.)

ఆ ఏడు నాయనమ్మ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక వెనకగదిలో మంచానికి అతుక్కుపోయింది. కాలక్షేపానికని పాత టీవీ ఆమె గదిలో పెట్టి, హాల్లో బాక్సు నుంచి వైరు లాగాం. హాల్లో ఏది వస్తే అక్కడా అదే. మొదట్లో "ఒరేయ్, నా సీరియల్ పెట్టండ్రా" అని కేకేసేది. "ఒక్క నిమిషం అమ్మా, మిర్చి రేట్లు చెబుతున్నాడు" అనేవాడు బాబాయి. ఆ నిమిషం సీరియల్ అయిపోయాక గానీ అయ్యేది కాదు. కొన్నాళ్లకి కేకలు ఆగిపోయాయి. ఒక సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి టీవీ దాని మానాన అది మోగుతోంది, ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అడగొచ్చుగా నాయనమ్మా?"

"మాటిమాటికీ అడుక్కోవటం నామోషీగా ఉందిరా."

ఇల్లంతా తన కనుసన్నల్లో నడిపిన మనిషి నోట ఆ మాట వినలేకపోయాను. రిమోటు నుంచి వచ్చే, కంటికి కనబడని వెలుగు గోడ దాటదు కాబట్టి, దాన్ని దాటించే పని నెత్తికెత్తుకున్నాను. ఆమె మంచం ఎదురుగా ఒక సెన్సారు, అక్కణ్ణుంచి హాల్లోకి సన్నటి వైరు, ఆ చివర బాక్సుకు ఎదురుగా ఒక చిన్న ఎల్‌ఈడీ. సర్క్యూటంతా పాత సబ్బుపెట్టెలో. మొదటిసారి బాక్సు ఉలకలేదు, పలకలేదు. రిమోటు వెలుగు కంటికి అందనంత వేగంగా మినుకుమంటుందనీ, నా సెన్సారు ఆ మినుకును మింగేస్తోందనీ ల్యాబులో కొలిచి చూస్తేగానీ అర్థం కాలేదు. ఆ మినుకును తిరిగి పుట్టించే చిప్ ఒకటి కలిపాను. పనిచేసింది, కానీ మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే మళ్లీ మొండికేసింది. ఎండను ఆపి రిమోటు వెలుగును మాత్రం పోనిచ్చే నల్లటి ఫిల్ము ముక్క ఫొటో స్టూడియోలో అడిగి తెచ్చి సెన్సారుకు అంటించాను. (అది చల్లదనం కోసమని నాయనమ్మ అందరికీ చెప్పింది.) బాక్సుకు జోడు రిమోటొకటి కొని ఆమె చేతిలో పెట్టాను.

ఆ రాత్రి వార్తల్లో బాబాయి మునిగి ఉండగా తెరమీద సీరియల్ అత్తాకోడళ్లు ప్రత్యక్షమయ్యారు. వార్తలు పెట్టాడు, అత్తాకోడళ్లే వచ్చారు. బాక్సు నెత్తిన ఒక్కటి చరిచాడు.

"కొట్టమాకరా, నేనే మార్చా!" అంది వెనకగది.

పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బాబాయి నావైపు తిరిగి, "ఏందిరా ఇది? దీనికి స్విచ్చన్నా పెట్టు, లేదంటే తీసన్నా పారెయ్!" అన్నాడు. పెట్టాను.

మర్నాడు ఆయన స్విచ్చి కట్టేసి దర్జాగా వార్తలు పెట్టుకున్నాడు. లోపల రిమోటు బొత్తాలు నొక్కుతున్న టకటకలు వినబడ్డాయి. కాసేపటికి అవీ ఆగాయి. పిలుపు రాలేదు, తిట్టూ రాలేదు. బాబాయి వెనకగది వైపు రెండుసార్లు చూశాడు. లేచి స్విచ్చి వేసి, లోపలికెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. "అమ్మా, రేట్లవరకూ చూడనియ్యి, తర్వాత నీదే."

"అట్టా అడిగితే కాదంటానా? కూర్చో" అందామె. ఆపరేషన్ అయ్యాక బాబాయి ఆ గదిలో అంతసేపు కూర్చోవడం అదే మొదలు. వారం తిరక్కుండా ఆయన కుర్చీ కూడా అక్కడికే చేరింది.

వానాకాలంలో సబ్బుపెట్టెలోకి చెమ్మ దిగి సర్క్యూట్ చచ్చిపోయింది. ఆ సంగతి నాకెవరూ చెప్పనేలేదు! ఆలస్యంగా తెలిసి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి పట్టుకుని పరిగెత్తితే, "వదిలెయ్‌రా, ఎటూ ఇద్దరం ఇక్కడే ఉంటన్నాంగా" అన్నాడు బాబాయి. హాల్లోకి వెళ్లి చానల్ మార్చి వస్తున్నదీ ఆయనే. నాకెంత ఉక్రోషం వచ్చిందో! అన్ని తంటాలు పడి తయారుచేసిన యంత్రం, లేకపోయినా ఎవరికీ లోటు లేదట. ఐరన్ చల్లారేదాకా మూతి ముడుచుకుని ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. లోపల తల్లీకొడుకులు ఒకే సీరియల్ చూస్తూ, కోడలిది తప్పా అత్తది తప్పా అని పోట్లాడుకుంటున్నారు. ఇప్పుడు తలుచుకుంటే, గుమ్మంలో అలిగి నిలబడ్డ ఆ ఇంజినీరును భుజం తట్టి, లోపలికెళ్లి కూర్చోవయ్యా అని చెప్పాలనిపిస్తుంది.