సముద్రం దాటని దారి

తిరుపతి బస్టాండులో ఆ తెల్లాయన్ని చూసేనాటికి నేను యూనివర్సిటీ లైబ్రరీలో చిన్న ఉద్యోగంలో చేరి ఏడాదయింది. గడ్డం, దుమ్ము కొట్టుకుపోయిన పైజమా, వీపు మీద ఆయన తలకంటే ఎత్తున్న సంచీ. టీ బంకు ముందు బెంచీ మీద నా పక్కనే కూర్చున్నాడు. నాకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చు కాబట్టి మాట కలిపాను. ఏ దేశమంటే జర్మనీ అన్నాడు. ఓడలో వచ్చావా, విమానంలోనా అన్నాను. రెండూ కాదు, బస్సులో అన్నాడు.

మద్రాసు నుంచి బస్సులో వచ్చానంటున్నాడేమో అనుకున్నాను. కాదట. జర్మనీ నుంచే బస్సులు, రైళ్ళు, ఒకచోట లారీ. మధ్యలో సముద్రం తగల్లేదా అని అడిగాను. లేదు, అంతా నేలే అన్నాడు, అందులో వింతేముందన్నట్టు. టీ తాగి, సంచీ తగిలించుకొని, కొండ బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను మాత్రం టీ చల్లారిపోయేదాకా నోరు వెళ్ళబెట్టుకొని అక్కడే కూర్చున్నాను.

నవ్వకండి. మా ఇంటి సంగతి తెలిస్తే నవ్వరు. మాది గోష్ఠి కుటుంబం. ఊళ్ళో ఒక విష్ణువు గుడిలో రోజూ పొద్దున్నే దేవుడి ఎదుట రెండు వరసలుగా నిలబడి తమిళ భక్తి పాటలైన పాశురాలు చదివేవాళ్ళ జట్టును గోష్ఠి అంటారు. ఒక వరస ఒక పాదం చదివితే, తర్వాతి పాదం ఎదుటి వరస అందుకోవాలి. మా వరసకు మా నాయనే గొంతు. ఆయన ఎత్తుకుంటేనే తక్కినవాళ్ళు కలిసేవాళ్ళు. నాకు వడుగు చేసిన నాటినుంచి ఆయన ఎడమ పక్కన నా చోటు. ఆ చోటుకు గట్టి కట్టుబాటు ఒకటుండేది. సముద్రం దాటిన మనిషి మళ్ళీ వరసలో నిలబడకూడదు. ఉద్యోగం చేసుకోవచ్చు, ప్యాంటు తొడుక్కోవచ్చు, ఆఖరికి క్రాపు కూడా పెట్టుకోవచ్చు (దానికి ఇంట్లో పెద్ద రభసే అయింది). సముద్రం మాత్రం దాటకూడదు. విదేశమంటే సముద్రానికి అవతల ఉండేదని మా అందరి లెక్క. కాబట్టి విదేశమన్నది నాకు రాసిపెట్టి లేదని చిన్నప్పుడే తేల్చేసుకున్నాను.

మర్నాడు లైబ్రరీలో పెద్ద అట్లాసు దించి, తిరుపతి మీద వేలు పెట్టి పైకి జరిపాను. ఢిల్లీ, అమృత్‌సర్, లాహోర్. అక్కడినుంచి ఎడమకు తిప్పి కాబూల్, టెహ్రాన్. వేలు ఎక్కడా నీలం మీద పడలేదు. మా ఇంటి గడప ముందున్న మట్టి ఎక్కడా తెగకుండా అంత దూరం పోతోందా? ఇన్నేళ్ళూ రోజూ దాని మీదే నడుస్తూ, అది ఎక్కడికి పోతోందో అడగనైనా అడగలేదే! ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ కాళ్ళ కింది రోడ్డునే చూసుకుంటూ నడిచి, ఎదురొచ్చిన సైకిలతన్ని గుద్దుకున్నాను.

నాయనకు చెప్పడానికి భయపడ్డాను. అంతకుముందు ఒకసారి విమానం సంగతెత్తి చావుదెబ్బ తిన్నాను. ఆకాశంలో ఎగిరి సముద్రం దాటినాయనకు ఊరూరా గుడి కట్టి మొక్కుతున్నాం గదా, నేను ఎగిరితే తప్పేమిటని గొప్ప తెలివితేటలు చూపించాను. "ఆయన పోయింది నీ మాదిరిగా ఊరు సూడ్డానికి గాదు. తోకకు నిప్పు పెట్టించుకొని వస్తానంటే నువ్వూ పో" అన్నాడు నాయన. అమ్మ పక్కున నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ ఏం చేస్తాను?

ఈసారి తెలివిగా, పల్చటి కాగితం మీద అట్లాసు గీసుకొచ్చి నాయన ముందు పరిచాను.

"నేల మీదనే పోవచ్చునా?" అన్నాడు.

"నేల మీదనే నాయనా."

"యాడా నీళ్ళే లేవా?"

"ఏర్లు ఉండాయి. సముద్రం లేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకొని నా గీత వెంట చాలాసేపు వేలు జరిపాడు. కంచి దాటి పోనివాడు ఆ వేలితో కాబూల్ దాటాడు. టర్కీ చివర ఇస్తాంబుల్ దగ్గర ఆగిపోయాడు. "ఈడ సన్నంగా నీలం గీత ఉండాదే?" అన్నాడు. ఆ గీత నేనూ చూశాను, కానీ ఆయన కంట పడదనుకున్నాను.

"దాని మీద వంతెన కట్టినారు."

"కింద?"

"ఉప్పు నీళ్ళే."

అమ్మ వంటింట్లోంచే అందుకుంది. "వానికి పిల్లను సూడమంటే ఈయన వంతెనలు సూస్తాండారు."

నాయన మరుసటి పొద్దున గోష్ఠి ముగిశాక మంటపంలో ఆ మాట ఎత్తాడు. ఎదుటి వరసకు పెద్ద ఒక ముసలాయన. కట్టుబాట్ల విషయంలో ఆయన మాటే మాట. సముద్రం సన్నంగా ఉన్నా సముద్రమేనని ఒకరిద్దరు అడ్డం తిరిగారు. నాయన తొణకలేదు. "మనం పొద్దున్నే లేపే దేవుడే వారధి కట్టి సముద్రం దాటినాడు గదా స్వామీ. ఆయనను యాడ నిలబెడదాం, లోపలా, బయటా?" అన్నాడు. పెద్దాయన బోసినోటితో ఎంతగా నవ్వారంటే దగ్గొచ్చి ఒకరు నీళ్ళివ్వాల్సి వచ్చింది. ఊపిరి తిప్పుకొని తీర్పు చెప్పారు. "వారధి మీద దాటితే దోషం లేదు. దిగి ఉప్పు నీళ్ళలో కాలు పెట్టినాడంటే మాత్రం చోటు లేదు." నేను స్తంభం చాటున నిలబడి విన్నాను. వెయ్యి గుళ్ళ తలుపులు ఒక్కసారి తెరిచినట్టయింది నాకు.

ఇక తయారీ మొదలైంది. డబ్బు ఎలా కూడబెట్టానో చెప్పబోతే అది వేరే పురాణం, వదిలేస్తున్నాను. వీపు సంచీ మా వైపు ఎక్కడా దొరకలేదు. వడమాలపేటలో లారీలకు టార్పాలిన్లు కుట్టే ఆయనకు బొమ్మ గీసి చూపించాను. "ఏం మోస్తావప్పా దీంట్లో?" అన్నాడు. బట్టలన్నాను. "బట్టలకు ఇంత సంచీ యాల? లారీ ఏమన్నా కొన్నావా?" అంటూనే, వానొచ్చినా చినుకు దూరనంత గట్టిగా కుట్టిచ్చాడు.

మోత అలవాటు కావాలని సంచీలో బియ్యం నింపుకొని అలిపిరి మెట్లెక్కేవాణ్ణి. కొండ మెట్ల మీద బరువు మోసేవాడెవడైనా మొక్కు తీర్చుకుంటున్నాడనే అందరి లెక్క. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న ఒక కుటుంబం నన్ను ఆపి సంచీకి కూడా పెట్టింది. వాళ్ళలో ముసలామె "ఏం మొక్కుకున్నావప్పా?" అంది. ఏం చెప్పాలో తోచక, దూరం పోవాలని మొక్కుకున్నానన్నాను. "ఎంత దూరం పోతే అంత దూరమూ ఆయన నీకు ముందర నడుస్తాడులే" అని సంచీకి దండం పెట్టుకొని పైకి సాగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పూట ఇక బరువు తెలియలేదు.

అందరికంటే నన్ను ఆశ్చర్యపెట్టింది నాయన. ఏది విన్నా కంఠతా పట్టే మనిషి, నా దారిలోని ఊళ్ళన్నీ వరసగా చెప్పించుకున్నాడు. అమృత్‌సర్, లాహోర్, పెషావర్, కాబూల్, కాందహార్, హెరాత్, మషద్, టెహ్రాన్, తబ్రీజ్, ఎర్జురుమ్, ఇస్తాంబుల్. బావి దగ్గర నీళ్ళు తోడుకుంటూ పాశురాల రాగంలోనే వాటిని చదివేవాడు. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ సాగదీయాలో కూడా కుదుర్చుకున్నాడు. ఆ గొంతులో ఎర్జురుమ్ అన్న మాట వింటుంటే అది కూడా ఎప్పటినుంచో మా దివ్యక్షేత్రమేనేమో అనిపించేది. ఎవరూ చూడని ఊళ్ళను ఆయన అంత భక్తిగా పిలుస్తుంటే నేను పక్కగదిలో ఊపిరి బిగబట్టి వినేవాణ్ణి.

పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఇక వీసాలకు ఢిల్లీ వెళ్దామనుకుంటుండగా రేడియోలో వార్తలు మారాయి. ముందు ఇరాన్‌లో గొడవలన్నారు. తర్వాత అక్కడ ప్రభుత్వమే మారిపోయింది. సద్దుమణుగుతుందిలే అని నెలల తరబడి ఎదురుచూశాను. ఏడాది చివరికి ఆఫ్ఘనిస్తాన్‌లో పరాయి సైన్యం దిగింది. దారి మూసుకుపోయింది. ఇంకో దారికోసం అట్లాసు అరిగేలా వెతికాను. ఎటు తిప్పినా నీలమో, మూసేసిన సరిహద్దో తగిలింది. సంచీ అటక మీద పడేసి, "పోను లే నాయనా" అన్నాను. ఆయన బావి దగ్గర రోజూ పెషావర్ దాకా చదివి ఆగిపోయేవాడు.

అలా ఎన్నాళ్ళు గడిచాయో గుర్తు లేదు. ఒక పొద్దున గుడినుంచి తిరిగొచ్చి, ఉత్తరీయం కూడా తీయకుండా నా ముందు నిలబడ్డాడు.

"విమానంలో పో."

నా చెవులను నేనే నమ్మలేదు. "చోటు పోతాది గదా నాయనా?"

"పోతాది."

"పెద్దాయన ఒప్పుకున్నారా?"

"నేను అడగలా. అడిగితే ఆయన కాదనాల. ఆ ముసలాయన చేత ఆ మాట అనిపించడం యాల?" ఉత్తరీయం తీస్తూ మళ్ళీ అన్నాడు. "అన్ని ఊర్లు నోటికొచ్చినాయి. ఒకరన్నా సూసిరావల్ల గదా. చోటు సంగతి నాకు ఇడిసిపెట్టు."

అమ్మ గోడకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సంచీ అటక మీదనుంచి దించి దులిపింది కూడా ఆమే.

బొంబాయిలో విమానం ఎక్కాను. కింద నీలం మొదలైంది, ఎంతకీ అయిపోలేదు. భయపడాల్సింది, కానీ దాని అందానికి భయం సంగతే మరిచిపోయాను. ఇస్తాంబుల్‌లో వంతెన చూశాను, వెనక్కి వచ్చి ఎర్జురుమ్ చూశాను, మంచులో నిలబడి నాయన రాగంలో ఆ పేరు పైకి చదివాను. అవన్నీ ఇంకెప్పుడైనా చెప్తాను గానీ, నేను చూసిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఇంటికొచ్చిన మరుసటి పొద్దున చూశాను.

స్నానం చేసి నాయన వెంట గుడికి వెళ్ళాను. ఎవరూ ఏమీ అనకముందే నేనే ధ్వజస్తంభం దగ్గర, మామూలు భక్తుల్లో ఆగిపోయాను. నాయన లోపలికి వెళ్ళాడనే అనుకున్నాను. లోపల వరసలు కుదురుకున్నాయి. పెద్దాయన వైపు మొదటి పాదం చదివింది. రెండోది మా నాయన అందుకోవాలి. తల ఎత్తి చూస్తే ఆయన చోటు ఖాళీగా ఉంది. అప్పుడే నా కుడి పక్కన గొంతు లేచింది. నాయన నా పక్కన నిలబడి, ఏనాడూ ఎత్తనంత పైస్థాయిలో, ఎక్కడా తడబడకుండా ఆ పాదం చదివాడు. లోపల మా వరసవాళ్ళు క్షణం తెల్లబోయి, ఆ గొంతుతో కలిశారు. నాయన ముగించేదాకా పెద్దాయన ఆగారు. తర్వాత తమ పాదం చదివారు. లోపలివాళ్ళు బయటికోసం ఆగుతూ, బయట ఆయన లోపలికి పాడుతూ, గోష్ఠి చివరిదాకా అలాగే జరిగింది. నన్ను కూడా చదవమని ఆయన మోచేత్తో పొడిచాడు. నేను ఆయన గొంతునే వింటూ నిలబడ్డాను.

గోష్ఠి అయ్యాక తీర్థం తెచ్చారు. ఆ గుడిలో పెద్దాయన తర్వాత తీర్థం మా నాయనకే. అది మా తాత నాటినుంచి వస్తున్న మర్యాద. ఆరోజు వరసలన్నీ అయ్యాక, చిట్టచివర బయటి జనానికి తెచ్చారు. నేను వెనక్కి జరిగి ఆయనకు దారిచ్చాను. ఆయన నా భుజం పట్టి ముందుకు నెట్టి, నేను తీసుకున్నాక, నా వెనక తానూ తీర్థానికి చెయ్యి పట్టాడు.