మెసేజ్ కన్నా ముందు

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో మెసేజ్ పంపడమంటే దాన్ని సాగనంపడమే. ఎప్పుడు చేరుతుందో దాని ఇష్టం. సునామీ నాటికి మూడేళ్ళ పిల్లలం, పదో తరగతికొచ్చేసరికి మా చేతుల్లో ఫోన్లు. నెట్ మాత్రం ఇంకా పాకుతూనే ఉండేది. అయినా తెర మీంచి కళ్ళు తీసేవాళ్ళం కాదు. (అమ్మ వడ్డించింది పప్పో పులుసో తినేశాక కూడా చెప్పలేకపోయేదాన్ని.)

మా ఇల్లు డెలానీపూర్‌లో. నా ప్రాణస్నేహితురాలు బొండాం (గుండ్రంగా ఉండేది, పాపం) నీళ్ళకవతల బాంబూఫ్లాట్‌లో. ఒక ఆదివారం అది నన్ను వదిలేసి, క్లాసులో కొత్తగా చేరిన అమ్మాయితో దిగిన ఫోటో పెట్టింది. ఒళ్ళు మండి, "నీకూ నాకూ కటీఫ్. ఇక నా పక్కన కూర్చోకు" అని పంపేశాను. పంపాక గానీ తట్టలేదు: అది లేకపోతే బడిలో నాకెవరున్నారు? పంపింది వెనక్కి తీసుకునే వీలు అప్పట్లో లేదు. ఒక్క టిక్కే కనిపిస్తోంది, అంటే ఇంకా చేరలేదు. మెసేజ్ కన్నా ముందే వెళ్ళి దాని ఫోన్ లాక్కుంటే సరి అనుకుని, చాతం జెట్టీకి పరుగెత్తి ఫెర్రీ ఎక్కాను. రెండో టిక్ పడుతుందేమోనని దారి పొడుగునా తలెత్తలేదు.

ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే ఉంది. "అరే, అది మీ ఇంటికే వెళ్ళింది గదా బేటీ. నీకేదో పంపేసిందంట, నువ్ చూసేలోపల చేరాలని ఉరికింది. ఎదురు ఫెర్రీలో కనబళ్ళేదా?"

తల ఎత్తితే కదా కనబడటానికి. వెనక్కి తిరగబోతే ఆంటీ చెయ్యి పట్టుకుంది. "ఆగు. సునామీ రోజు అంకుల్ నా కోసం అటు, నేను ఆయన కోసం ఇటు, సాయంత్రం దాకా ఏడ్చుకుంటా తిరిగాం. అప్పట్నించీ మా ఇంట్లో ఒకటే రూలు. తప్పిపోతే వెతక్కూడదు, మన జెట్టీలో నిలబడాలి. దానికీ తెలుసు. నడు."

నిలబడ్డాను. చాలాసేపటికి బొండాం ఫెర్రీ దిగింది, కళ్ళు వాచిపోయి. నేను నోరు తెరిచేలోగా ఇద్దరి ఫోన్లూ మోగాయి. అది నాది చదివింది, నేను దానిది: "కొత్తమ్మాయి నీలాగ ఫోన్ చూస్కోదు. నాతో మాట్లాడుద్ది. నువ్ నాకొద్దు."

నిజమే కదా అనిపించి ఏడుపొచ్చింది. బొండాం ముక్కు తుడుచుకుని, "నాదానికన్నా నీది చిన్నగానే ఉందిలే" అంది.

ఇప్పుడు సముద్రం కింద కేబుల్ వేశారు, కోపం చల్లారకముందే మెసేజ్ చేరిపోతోంది. బొండాం ఉత్తరాన ఆ చివర డిగ్లీపూర్‌లో టీచరు. దానిమీద ఒళ్ళు మండినప్పుడు బారెడు మెసేజ్ రాసి, పంపకుండా, ఉద్యోగం చేసుకునే మనిషినై ఉండీ సెలవు పెట్టి రోజంతా బస్సులో కూర్చుంటాను. దిగేసరికి కోపమెందుకొచ్చిందో సగం గుర్తుండదు.

"చెప్పకుండా వచ్చేసినావేంటే?" అంటుంది.

"నెట్ లేదు" అంటాను.