కృపాబాయి పట్టిన దారం

కెనడాలోని కనాటాలో ఆ శుక్రవారం ప్రార్థన కూడికకు వచ్చినవాళ్లలో పదకొండుమంది ఇంజినీర్లు. పగులు చూసింది మాత్రం కాలేజీ క్యాంటీన్‌లో వంట చేసే కృపాబాయి.

చీరాలలో ఆమె నాన్న తాపీమేస్త్రీ. ఆడపిల్ల చేతికి తాపీ ఇవ్వలేదు గానీ, గోడ కట్టేటప్పుడు దారం రెండో కొస పట్టుకునే పని ఇచ్చాడు. పదేళ్లు పట్టుకుంది. ఆ చదువుకు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

కూడిక జరిగేది సంఘపెద్ద డేవిడ్‌సన్ గారి బేస్‌మెంట్‌లో. పై గదుల్లో ఎనిమిదిమంది స్టూడెంట్లు అద్దెకుంటున్నారు. ఆ ఏడాది వచ్చిపడ్డ పిల్లలకు గది దొరకడమే గగనం. పొద్దున భూమి కాస్త అదిరింది. గిన్నెలు గలగలమన్నాయి, అంతే. సాయంత్రం పులిహోర గిన్నెతో దిగిన కృపాబాయికి తలుపు పైన ఏటవాలు పగులు కనిపించింది. తలుపు వేయబోతే పడలేదు.

"మధ్యలో ఇనప స్తంభం ఉండాలే, ఏదండీ?"

"తీయించేశానమ్మా. పాస్టర్ గారు అందరికీ కనపడొద్దూ?"

"ముందు పైనున్న పిల్లల్ని బయటికి పంపండి."

అందరూ గొల్లున నవ్వారు. "పెయింట్ క్రాక్ ఆంటీ, నార్మలే" అన్నాడు సాఫ్ట్‌వేర్ యోగానంద్.

కృపాబాయికి ఒళ్లు మండింది. సంచిలోంచి కుట్టుదారం తీసి, ఒక కొస డేవిడ్‌సన్ గారి చేతిలో పెట్టింది. పై అంతస్తును మోసే దూలానికి ఆ చివర, ఈ చివర రెండేసి వేళ్ల ఎడం వదిలి కింద దారం బిగించి పట్టుకున్నారు. మధ్యలో వేలు దూరే సందు లేదు. దూలం వంగి దారాన్ని తాకుతోంది.

నవ్వులు ఆగిపోయాయి. డేవిడ్‌సన్ గారే పరుగున మెట్లెక్కి, తలుపులు బాది పిల్లల్ని దించారు. ప్రార్థన ఆరుబయట మంచులోనే జరిగింది. చల్లారిన పులిహోరనే అందరూ తిన్నారు.

మర్నాడు దూలం కింద జాకీలు పెట్టించిన స్ట్రక్చరల్ ఇంజినీర్, "ఇంకో అదురు వచ్చుంటే పిల్లలు మంచాలతో సహా కిందికొచ్చేవాళ్లు. ఇది పట్టుకున్న ఇంజినీర్ ఎవరు?" అని అడిగాడు. ఎనిమిది చేతులూ కృపాబాయి వైపు చూపించాయి. ఆమెకు నాన్న గుర్తొచ్చి గుండె నిండిపోయింది.

స్తంభం మళ్లీ నిలబడింది. డేవిడ్‌సన్ గారు ఇప్పుడు దాని వెనకే కూర్చుంటారు, పాస్టర్ కనపడకపోయినా సరే. కొత్త పిల్లలు అద్దెకు ఇల్లు చూసుకున్నారంటే ముందు ఆయనే కృపాబాయికి ఫోన్ చేస్తారు.

"మేస్త్రీ గారూ, ఎన్నింటికి వెళ్దాం? రెండో కొస నేను పట్టుకుంటాను."